వెలుగు చెప్పే సాక్ష్యం

2022 అక్టోబరులో ‘ఆదిపురుష్’ టీజర్ వచ్చినప్పుడు అందులోని గ్రాఫిక్స్‌ను జనం వెక్కిరించిన తీరు ఇంకా చాలామందికి గుర్తుండే ఉంటుంది. జనవరిలో రావలసిన సినిమాను వాయిదా వేసి, మెరుగులు దిద్ది, 2023 జూన్ 16న విడుదల చేశారు. అయినా వెక్కిరింత ఆగలేదు. అదే రామాయణాన్ని, అదే పది తలల రావణుణ్ణి ధర్మవరం మండలం నిమ్మలకుంటలోని తోలుబొమ్మల కుటుంబాలు మేకతోలు, వెదురుబద్ద, తెర, దీపంతో తరతరాలుగా ఆడిస్తున్నాయి. ఆ బొమ్మకు కనురెప్ప వాలదు, పెదవి కదలదు, ఒంటికి మందమన్నదే లేదు. అయినా ‘ఇది నమ్మశక్యంగా లేదు’ అని ఆట మధ్యలో లేచిపోయేవాడు ఉండడు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చాలామంది వెంటనే ఒక తీర్పు చెప్పేస్తారు: చేత్తో చేసినదానికి ప్రాణం ఉంటుంది, కంప్యూటర్‌లో చేసినదానికి ఉండదు అని. వినడానికి బాగానే ఉంటుంది కానీ నిలబడే తీర్పు కాదు. తెర మీద కనబడేది అసలుదా కల్పించినదా అన్నది కంటికి పట్టదు. వెలుగు, బరువు, కదలిక ఒకదానితో ఒకటి పొసిగాయా లేదా అన్నదే దానికి పట్టింపు. చేత్తో కట్టిన వస్తువుకు ఆ పొసగడాన్ని ప్రకృతి ఉచితంగా ఇస్తుంది, కానీ అందులో ఒక్క నియమాన్నీ మార్చుకోనివ్వదు. కంప్యూటర్ ఏ నియమాన్నయినా మార్చుకోనిస్తుంది, కానీ కావలసిన ప్రతి నియమాన్నీ విడిగా కొనుక్కోమంటుంది. సినిమా మాయల్లో ఏది పండింది, ఏది ఎండింది అన్నదానికి కారణం ఈ బేరంలోనే ఉంది.

ముందు తోలుబొమ్మ సంగతి చూద్దాం. కేరళ తోల్పావకూత్తులో బొమ్మ వెలుగును అడ్డుకుని నల్లని నీడ వేస్తుంది. మన తోలుబొమ్మ అలా కాదు. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు తీసి, గీకి పలచబరిచి, బిగలాగి ఆరబెడితే వెలుగు కొంత దూరి వచ్చే పొరగా మారుతుంది. దాని మీద రూపం గీసి, రంగులు వేసి, నగలూ అంచులూ ఉన్నచోట ఉలితో సన్నని రంధ్రాలు కొడతారు. రంధ్రాల్లోంచి వెలుగు నేరుగా వస్తుంది. తోలులోంచి వచ్చే వెలుగు మాత్రం లోపలి పోగుల మధ్య అటూ ఇటూ చెదిరి, దూరినచోట కాకుండా ఆ పక్కనెక్కడో బయటపడుతుంది. రాముడి ఒంటి నీలం మెత్తగా వెలగడానికీ, భుజకీర్తులు చుక్కలు చుక్కలుగా మెరవడానికీ ఉన్న తేడా అదే. ఇక నీడ అంచు సంగతి. దీపం మంట ఒక బిందువు కాదు, దానికి వెడల్పుంది. కాబట్టి ప్రతి నీడ చుట్టూ సగం వెలుగు, సగం చీకటి ఉండే పాక్షిక ఛాయ ఏర్పడుతుంది. మంట వెడల్పు 2 సెంటీమీటర్లు, దీపానికీ తెరకూ మధ్య దూరం 110 సెంటీమీటర్లు అనుకుందాం. బొమ్మ తెరకు 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటే నీడ బొమ్మకంటే పదో వంతు మాత్రమే పెద్దదవుతుంది, అంచు మసక 2 మిల్లీమీటర్లు. అదే బొమ్మను తెర నుంచి 50 సెంటీమీటర్ల దూరానికి లాగితే నీడ 1.8 రెట్లు దాటుతుంది, మసక 17 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. యుద్ధ ఘట్టంలో ఆటగాడు బొమ్మను తెర నుంచి లాగి గిర్రున తిప్పి మళ్లీ తెరకు అదిమినప్పుడు, రాక్షసుడు పొగలా పెరిగి కత్తిలా తేరుకుంటాడు. ఈ గుణకారాలేవీ ఆటగాడు చేయనక్కర్లేదు, కిరణాలే చేసిపెడతాయి. పైగా ఆముదం దీపం రెపరెపలాడితే తెర మీదున్న బొమ్మలన్నీ ఒకే క్షణంలో రెపరెపలాడతాయి. రాముడి మీద ఒక వెలుగు, రావణుడి మీద ఇంకో వెలుగు పడే ప్రసక్తే లేదు.

ఈ ఉచితాలన్నీ కంప్యూటర్‌కు ఎంత ఖరీదు పడ్డాయో గ్రాఫిక్స్ చరిత్ర చూస్తే తెలుస్తుంది. తొలినాటి కంప్యూటర్ చిత్రాల్లో దీపమంటే ఒక బిందువు. అందుకే నీడలు బ్లేడుతో కోసినట్టుండేవి. మెత్తని నీడ అంచునూ, వేగంగా కదిలే వస్తువు వెనక మిగిలే మసకనూ, కెమెరా ఫోకస్ తప్పినచోట వచ్చే మసకనూ ఒకే పద్ధతిలో లెక్కగట్టడం రాబర్ట్ కుక్, థామస్ పోర్టర్, లోరెన్ కార్పెంటర్‌లు 1984లో చూపించారు. చిత్రంలోని ఒక్కో బిందువుకు ఒక్క కిరణం కాకుండా, దీపం వెడల్పంతటా చెదిరేలా ఎన్నో కిరణాలను పంపి సగటు తీయడం అందులోని కిటుకు. నిమ్మలకుంట దీపానికి పుట్టుకతో వచ్చిన మసక అది. గోడ మీద పడిన వెలుగు తిరిగి నేల మీద, నేల మీదిది తిరిగి మనిషి ముఖం మీద పడే వ్యవహారమంతటినీ ఒకే సమీకరణంలోకి 1986లో జేమ్స్ కజియా తెచ్చాడు. తోలులో వెలుగు చెదిరే సంగతి మరీ ఆలస్యంగా తేలింది. చర్మం, పాలు, చలువరాయి లాంటివాటిలోకి దూరిన కిరణం పక్కన బయటపడటాన్ని వాడుకకు అందేలా లెక్కగట్టే పద్ధతిని హెన్రిక్ యెన్సెన్, స్టీవ్ మార్ష్‌నర్, మార్క్ లెవాయ్, పాట్ హన్రహాన్‌లు 2001లో ప్రచురించారు. అంతకుముందు కంప్యూటర్ మనుషులు ప్లాస్టిక్ బొమ్మల్లా ఎందుకుండేవారో ఇప్పుడు అర్థమవుతుంది. వెలుగు వాళ్ల చర్మం మీద పడి వెనక్కి తిరిగేది, లోపలికి దూరేది కాదు. ఒక నియమం కొరవడిన లోటు అది. యంత్రానికి ప్రాణం లేకపోవడం వల్ల వచ్చింది కాదు. నియమం దొరికాక ఆ లోటూ తీరింది.

వెలుగు తర్వాతది కదలిక. హిందూపురం దగ్గరి లేపాక్షి వీరభద్రాలయాన్ని 16వ శతాబ్దంలో విరూపణ్ణ కట్టించాడంటారు. పెనుకొండలో విజయనగర రాజుల కొలువులో అధికారి ఆయన. ఆ మంటపం పైకప్పు మీది చిత్రాల్లో ముఖాలు పక్కకు తిరిగి ఉంటాయి, బట్టల మీది అల్లికలూ నగలూ పట్టిపట్టి గీసినవి. తోలుబొమ్మలకూ వాటికీ ఉన్న పోలికను కళాచరిత్రకారులు ఎప్పటినుంచో చెబుతున్నారు. అయితే చిత్రం కదలదు, బొమ్మ కదులుతుంది. బొమ్మకు భుజం దగ్గర, మోచేతి దగ్గర ముడులుంటాయి, భావమంతా ఆ ముడుల్లోంచే రావాలి. 1973లో స్వీడన్ శాస్త్రవేత్త గన్నర్ యొహాన్సన్ చేసిన ప్రయోగాలు ఈ కిటుకును బయటపెట్టాయి. చీకట్లో మనిషి కీళ్లకు పదీ పన్నెండు చిన్న వెలుగుచుక్కలు కట్టి నడిపిస్తే, చూసేవాళ్లకు ముఖమూ ఒళ్లూ ఏమీ కనబడకపోయినా అది మనిషి నడకేనని క్షణంలో తెలిసిపోయింది. చుక్కలు ఆగితే మాత్రం అర్థం లేని చుక్కలే. జీవాన్ని కన్ను కీళ్ల కదలికలో వెతుక్కుంటుందన్నమాట. మనిషిని పోలిన యంత్రం పోలిక పెరిగేకొద్దీ మొదట నచ్చుతుందనీ, దాదాపు మనిషిలా అయినచోట ఆ ఇష్టం హఠాత్తుగా జుగుప్స అనే లోయలో పడిపోతుందనీ 1970లో రాసిన జపాన్ పండితుడు మసహిరో మోరి కూడా, ఆ లోయ అవతలి గట్టు మీద తమ దేశపు బున్రాకు కొయ్యబొమ్మను నిలబెట్టాడు. దగ్గర్నుంచి చూస్తే అది మనిషిలా ఉండదని ఆయనకు తెలుసు. ప్రేక్షకుడి దూరం నుంచి కదలికను చూస్తే మనసు లీనమవుతుందన్నదే ఆయన చెప్పింది.

ఇదే పాఠం పూర్తిగా కంప్యూటర్‌లో పుట్టిన ఒక తెలుగు ప్రాణికీ వర్తించింది. 2012లో వచ్చిన ‘ఈగ’లో కథానాయకుడికి కనుబొమలు లేవు, పెదవులు లేవు, గుండ్రని ఎర్రని కళ్లు కదలవు. ముఖంతో ఏ భావమూ పలికించలేని పాత్ర అది. ముఖమే లేని బల్లదీపాన్ని వంపులతో, గెంతులతో నటింపజేసిన పిక్సార్ పొట్టి చిత్రం ‘లక్సో జూనియర్’ తనకు దారి చూపిందని దర్శకుడు రాజమౌళి చెప్పారు. ఈగ కోపం ముంగాళ్లలో, పంతం మెడ వంపులో కనిపించింది. తోలుబొమ్మ చేసేదీ అదే, సాధనాలు వేరంతే. ఆ గ్రాఫిక్స్ చేసిన మకుట సంస్థకు జాతీయ పురస్కారం దక్కింది. చేత్తో చేస్తేనే జీవం ఉంటుందన్న వాదనను కొట్టేయడానికి ఆ ఈగ ఒక్కటే చాలు, ఎందుకంటే దాన్ని ఆడించిన చేతులన్నీ మౌస్‌ల మీదే ఉన్నాయి.

ఇప్పుడు బేరానికి రెండో వైపు చూడాలి. ప్రకృతి ఉచితంగా ఇచ్చే నియమాలు కొన్నిసార్లు సినిమావాళ్ల మెడకు చుట్టుకుంటాయి. తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ 1957లో తీసిన ‘మాయాబజార్’ మన చేతిపని మాయలకు శిఖరం. ఆ సినిమా కోసం ద్వారకను మినియేచర్‌గా కట్టారు. మినియేచర్‌తో పెద్ద చిక్కు కాలం. పదహారో వంతు కొలతతో కట్టిన గోపురం కూలితే, దాని శిఖరం నేలను చేరడానికి అసలు గోపురానికి పట్టే కాలంలో నాలుగో వంతే పడుతుంది. పడే దూరం కాలం వర్గంతో పెరుగుతుంది, పదహారుకు వర్గమూలం నాలుగు. మామూలు వేగంతో తీస్తే బొమ్మ పడిపోయినట్టే కనబడుతుంది. సెకనుకు 24 ఫ్రేముల బదులు 96 తీసి, 24 చొప్పున చూపిస్తే గోపురానికి బరువు వస్తుంది. ఇది కెమెరామన్లు వేసుకునే పాత లెక్కే. కానీ ఈ మందు నీళ్లకు పనిచేయదు. నీటిబొట్టు పరిమాణాన్ని తలతన్యత నిర్ణయిస్తుంది, సముద్రాన్ని పదహారో వంతుకు కుదించినా బొట్టు కుదించుకుపోదు. అందుకే పాత సినిమాల్లో ఓడ మునిగే సీన్లలో ఓడకంటే నీళ్లే ముందు గుట్టు బయటపెడతాయి. నిప్పుదీ అదే తంతు. ఇక్కడ అసలైన నీళ్లు, అసలైన నిప్పు వాడారు. ఆ ‘అసలు’ అనేదే అబద్ధాన్ని పట్టించింది.

‘మాయాబజార్’ కెమెరామన్ మార్కస్ బార్‌ట్లీ గొప్పతనం కూడా అసలు వస్తువులు వాడటంలో లేదు, ఏ నియమాన్ని ఎక్కడ దాచాలో తెలియడంలో ఉంది. పడవ పాటలో జనం తరతరాలుగా మురిసిపోయిన ఆ వెన్నెల ఆకాశం ఇచ్చింది కాదు, ఆయన కల్పించింది. ఒకే ఫ్రేములో రెండు ఘట్టాలను కలపాలంటే ఆ రోజుల్లో లెన్సు ముందు నల్ల అట్ట పెట్టి ఫిల్ములో సగానికే వెలుగు తగిలించి, ఫిల్మును వెనక్కి తిప్పి, రెండో సగానికి మళ్లీ తీసేవారు. మధ్యలో కెమెరా వెంట్రుకవాసి కదిలినా అతుకు కనబడుతుంది. అందుకే ఆ కాలపు ట్రిక్ షాట్లలో కెమెరా బిగుసుకుని ఉంటుంది, పాత్రలు ఆ కనబడని గీతను దాటవు. ఆ గీత ఎక్కడుందో వెతుక్కుంటూ పాత సినిమా చూడటం ఒక సరదా, కొత్తవాళ్లు ఒకసారి ప్రయత్నించవచ్చు. 2010 జనవరిలో హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ ఈ సినిమాకు రంగులద్ది విడుదల చేసింది. నలుపు తెలుపు చిత్రానికి రంగు వేసేటప్పుడు సాధారణంగా ఫిల్ములో ఉన్న వెలుగునీడల హెచ్చుతగ్గులను అలాగే ఉంచి, వాటి మీద వర్ణాన్ని మాత్రమే పరుస్తారు. రంగులు కంప్యూటర్‌వైనా వెన్నెల బార్‌ట్లీదే. కంప్యూటరా, చేతిపనా అని గిరిగీసేవాళ్లు ఈ రంగుల ప్రతిని ఏ పక్కన పెడతారో చెప్పాలి.

చేతిపనిని మెచ్చేవాళ్ల మాటల్లో బలమున్నవి లేకపోలేదు. 1993 నాటి ‘జురాసిక్ పార్క్’ నేటికీ నమ్మిస్తుంది, నిన్నమొన్నటి గ్రాఫిక్స్ అప్పుడే పాతబడిపోయాయి అంటారు. నిజమే. కానీ ఆ సినిమాలో డైనోసార్లు కనబడేది పావుగంటకు అటూ ఇటూగా. అందులో కంప్యూటర్‌వి సుమారు ఆరు నిమిషాలు, మిగిలినవి స్టాన్ విన్‌స్టన్ బృందం కట్టిన యంత్రపు జంతువులు. ఏది ఏదో చాలామంది ఇప్పటికీ విడదీయలేరు. వాన సీన్లో ఆ పెద్ద యంత్రపు జంతువు చర్మం నీళ్లు పీల్చుకుని బరువెక్కి వణికిపోతుంటే తువ్వాళ్లతో తుడిచి ఆరబెట్టుకోవలసి వచ్చింది. ప్రకృతి నియమం ఉచితమే కానీ, వద్దన్నా వస్తుంది. పైగా మన జ్ఞాపకం చేసే వంచన ఒకటుంది. పాత చేతిపనుల్లో గొప్పవే గుర్తుంటాయి, తీగలు కనబడే గరుత్మంతులనూ రబ్బరు పాములనూ ఎవరూ గుర్తుంచుకోరు. గ్రాఫిక్స్‌లో మాత్రం చెడినవే కంటబడతాయి. ఫైట్లలో రోప్‌ను చెరిపేసినదీ, వెనకున్న కరెంటు స్తంభాన్ని తీసేసినదీ గ్రాఫిక్స్ అని ఎవరికీ తెలియదు, తెలియకపోవడమే ఆ పనికి గెలుపు. ఇక, ఎదురుగా వస్తువు లేకపోతే నటుడు నటించలేడన్న మాట. సులువు కాదు, ఒప్పుకుంటాను. కానీ ఫిల్ములో సగాన్ని అట్టతో మూసి తీసిన రోజుల్లోనూ నటులు ఖాళీ వైపు చూసే మాట్లాడారు. ‘ఈగ’లో ప్రతినాయకుడిగా చేసిన సుదీప్ తల చుట్టూ లేని ఈగను తోలుతూ, దానికి భయపడుతూ సినిమా మొత్తాన్ని మోశాడు.

నా వాదనకు అసలు గట్టి అభ్యంతరం సినిమావాళ్ల నుంచి రాదు, చూపును అధ్యయనం చేసేవాళ్ల నుంచి వస్తుంది. వెలుగు పొసగకపోతే కన్ను పట్టేస్తుందన్నాను. కానీ పట్టదని తేల్చిన ప్రయోగాలున్నాయి. ఒక దృశ్యంలో కొన్ని వస్తువుల మీద వెలుగు ఎడమ నుంచి, ఒకదాని మీద కుడి నుంచి పడేలా చేసి చూపిస్తే జనం ఆ తేడాను పోల్చుకోవడానికి తంటాలు పడ్డారని యూరి ఓస్ట్రోవ్‌స్కీ, పాట్రిక్ కావనా, పవన్ సిన్హా 2005లో చూపారు. నకిలీ ఫొటోలను పట్టుకునే హనీ ఫరీద్ లాంటివాళ్లు నీడ కొస నుంచి వస్తువు కొసకు గీతలు గీసి, అవన్నీ ఒకే దీపం దగ్గర కలుస్తాయో లేదో లెక్కగట్టే పద్ధతిని ఎంచుకున్నదీ అందుకే, ఉత్త కన్నును నమ్మలేక. అంతదాకా ఎందుకు, లేపాక్షి పైకప్పు మీది దేవతల్లో ఎవరికీ నేల మీద నీడే పడదు, దాన్ని చూసి ఎవరూ ఫిర్యాదు చేయరు. ఈ అభ్యంతరం నా వాదనను పడగొట్టదు కానీ సరిచేస్తుంది. కన్ను అన్ని నియమాలనూ ఒకే పట్టుదలతో అడగదు. వెలుగు ఏ దిక్కు నుంచి వస్తోందన్న విషయంలో ఉదారంగా ఉంటుంది. వస్తువు నేలను తాకిందా లేదా అన్నచోట మాత్రం పిసినారి. 1997లో డేనియల్ కెర్‌స్టెన్, అతని సహచరులు ప్రకటించిన ప్రయోగంలో పెట్టెలో ఒక బంతి ఏటవాలుగా కదులుతుంది. బంతి దారిని మార్చకుండా దాని నీడ దారిని మాత్రం మార్చారు. నీడ బంతిని అంటుకుని వెళితే బంతి నేల మీద దొర్లుతూ లోపలికి పోతున్నట్టు, నీడ విడిపోతే బంతి గాల్లోకి లేస్తున్నట్టు కనబడింది. బంతి చలనం రెండుసార్లూ ఒకటే. అడుగున పడే ఆ కాస్త నీడ మీద మెదడు ఎంత ఆధారపడుతుందో దీన్నిబట్టి చూడవచ్చు. నియమం ఏదైనా సరే, మొదట ఒప్పుకున్నదాన్ని మధ్యలో తప్పితే కూడా కన్ను ఊరుకోదు. తోలుబొమ్మ తాను బొమ్మనేనని మొదటి క్షణంలోనే చెప్పేసి, ఆ మాట మీదే తెల్లారేదాకా నిలబడుతుంది. ఫొటోలా కనబడతానని మాట ఇచ్చిన గ్రాఫిక్స్ రావణుడికి ఆ వెసులుబాటు లేదు. మాట ఇచ్చింది ఆయనే కదా.

కాబట్టి నేటి మంచి పనివాళ్లు రెంటినీ కలపడంలో ఆశ్చర్యం లేదు. ‘బాహుబలి’లో మాహిష్మతిని సాబు సిరిల్ బృందం రామోజీ ఫిల్మ్ సిటీలో కొంత ఎత్తు వరకు కట్టింది, ఆ పైన నగరాన్ని కంప్యూటర్ పెంచింది. జలపాతానికి కేరళలోని అతిరప్పిళ్లి ఆధారం. నటుడి పాదం, చెయ్యి తగిలేది నిజమైన మెట్టుకూ నిజమైన స్తంభానికీ అయినప్పుడు, కన్ను పిసినారితనం చూపే చోట ప్రకృతే లెక్క చెల్లిస్తుంది. ఉదారంగా ఉండే దూరపు గోపురాల దగ్గర కంప్యూటర్ చెల్లిస్తుంది. సెట్‌లో షాట్ అయ్యాక ఒకతను వచ్చి కెమెరా ముందు అద్దంలాంటి గుండు ఒకటి, బూడిదరంగు గుండు ఒకటి పట్టుకుని నిలబడటం చాలామంది చూసే ఉంటారు, మేకింగ్ వీడియోల్లోనైనా. అద్దపు గుండులో చుట్టూ ఉన్న దీపాలన్నీ ప్రతిబింబిస్తాయి. ఆ ప్రతిబింబాన్ని కొలిచి, అదే వెలుగును కంప్యూటర్ బొమ్మ మీద పడేలా చేయవచ్చని 1998లో పాల్ డెబెవెక్ నిరూపించాడు. సెట్ మీది దీపం చెప్పే సాక్ష్యాన్ని కంప్యూటర్‌కు మోసుకెళ్లే పని ఆ గుండుది. ‘లైఫ్ ఆఫ్ పై’లో పులి చాలా భాగం కంప్యూటర్‌దే అయినా కొన్ని షాట్లలో నిజమైన పులులను వాడారు, వాటి పక్కన నిలబడి తేలిపోకుండా ఉండటమే కంప్యూటర్ పులికి పెట్టిన పరీక్ష.

ఆ పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆస్కార్ అందుకోవడానికి కొద్దిరోజుల ముందే ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. నిమ్మలకుంటలో 2020లో దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చింది, అయినా రాత్రంతా ఆట కట్టించే ఊళ్లు తగ్గిపోయి అక్కడి కుటుంబాలు అదే తోలుతో దీపపు షేడ్లు చేసి అమ్ముకుంటున్నాయి. పురస్కారానికీ పూటబత్తేనికీ పొంతన లేకపోవడంలో చేతిపనివాళ్లకూ కంప్యూటర్ పనివాళ్లకూ తేడా లేదు. మీట నొక్కితే గ్రాఫిక్స్ వచ్చేస్తాయనుకునే నిర్మాత విడుదల తేదీ ముందు ప్రకటించి, షాట్లు తర్వాత పంపుతాడు. అప్పుడు మొదట కోతపడేది పాదం కింది ఆ కాస్త నీడకే. దూరపు కోటకు ఇంకో వంద బురుజులు పెంచడానికి పట్టే సమయంలో, ముందు నిలబడ్డ ఒక్క సైనికుడి చెప్పుకూ మట్టికీ మధ్య చీకటిని సరిచేసి ఉంటే ఆ షాట్ నిలబడేది. బురుజులు పోస్టరు మీద కనబడతాయి, ఆ చీకటి కనబడదు. అందుకే డబ్బు బురుజులకు పోతుంది.